తలుపు నాది, గోడ ఆయనది

ఆత్మకూరు బస్టాండులో కావలి బస్సు కోసం నిలబడి ఉంటే ఎదురుగా గోడ మీద అంటించిన కరపత్రం కనిపించింది. పైన 'జ్ఞాపకార్థ కూడిక' అని ఉంది. కింద ఒక ఫోటో. ఎప్పుడో పెళ్ళినాటిది కాబోలు, నల్లటి జుట్టు, మెడదాకా గుండీలు పెట్టుకున్న తెల్లచొక్కా. మొహం చూసి గుర్తుపట్టలేదు, చొక్కా చూసి గుర్తుపట్టాను. మే నెల ఎండలో కూడా పై గుండీ తీయని మనిషి ఈ చుట్టుపక్కల ఒక్కడే ఉండేవాడు. తేదీ చూస్తే కూడిక అయిపోయి అప్పటికే మూడు వారాలు.

ఆయన పేరు నాకు ఆ కరపత్రంలోనే తెలిసింది. ఏడాదిన్నర ఆయనతో తిరిగాను. ఆయన సంచిలోంచి తీసి ఇచ్చిన అరటిపళ్ళు తిన్నాను. ఆయన చెప్పిన మాటలు నా ప్లానులో గీసుకున్నాను. పేరు మాత్రం అడగలేదు. అందరూ హార్మనీ తాత అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. ఇప్పుడు తెలిసిన ఆ పేరు ఇక్కడ రాయను. బతికుండగా అడగనివాడిని, పోయాక వాడుకుంటే బాగుండదు.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి, లేకపోతే ఆయన సంగతి అర్థం కాదు. తొంభైల మొదట్లో నెల్లూరులో సివిల్ డిప్లొమా అయిందనిపించి, ఆత్మకూరులో ఒక గది అద్దెకు తీసుకుని, బయట బోర్డు మీద 'ఇంజనీరు' అని రాయించుకున్నాను. డిప్లొమావాడు ఇంజనీరు ఎట్లా అయ్యాడని ఆ వీధిలో ఎవరూ అడగలేదు. ఇళ్ళ ప్లాన్లు గీసుకుంటూ ఉంటే ఉదయగిరి నుంచి కబురొచ్చింది. అక్కడి పెద్దలు కొందరు కమిటీ పెట్టుకుని కళాభవనం కట్టాలనుకుంటున్నారట. పౌరాణిక నాటకాలు, హరికథలు, కోలాటాలు, చర్చివాళ్ళ క్రిస్మస్ పాటలు, స్కూలు పిల్లల డాన్సులు, అన్నిటికీ ఒకే కప్పు. ఎవరికి కావాలన్నా తాళం తీసి ఇచ్చేట్టు, ఊరందరిదీ అన్నట్టు ఉండాలని వాళ్ళ కోరిక. కమిటీ ప్రెసిడెంటు పెద్ద రైతు. మాట కరుకు, మనసు మంచిదే.

"ఏమయ్యా ఇంజినీరూ, నీ మొహం చూస్తే నాటకాలు చూసినోడి మాదిరి లేవే," అన్నాడు మొదటిరోజే. "మీ ఆత్మకూరు పక్కనే హార్మనీ తాత ఉండాడు. నలభై ఏళ్ళుగా ఈ పక్కల తెర లేచిందంటే ఆయన పెట్టె ఉండాల్సిందే. ఆయన్ని అడిగి గీయి."

అడిగి గీయమన్నాడు. ఆ ఒక్క మాట తర్వాత నాకు ఎంత పనికొచ్చిందో చెప్తాను.

తాత ఉండేది సోమశిల డ్యాము నీళ్ళలో మునిగిన ఊళ్ళవాళ్ళకి ఇచ్చిన కాలనీలో. శనివారం రాత్రంతా కృష్ణుడి పద్యాలకు వాయించి, ఆదివారం పొద్దున చర్చిలో కీర్తనలకు వాయించేవాడు. మధ్యలో నిద్రంటే బస్సులో పోయిందే. సంఘంలో ఎవరో పెద్దమనిషి ఇది తప్పు కదా అని నిలదీస్తే, "బాప్తిస్మం నాకు ఇచ్చినారు గానీ పెట్టెకి ఇయ్యలా. దాన్నెందుకు అడుగుతారు?" అన్నాడట. ఆ పెద్దమనిషే ఈ మాట ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు.

బస్సు ఎక్కితే పెట్టెను సీట్లో కూర్చోబెట్టి తాను నిలబడేవాడు. కండక్టరు, "తాతా, దాన్ని కింద పెట్టి నువ్వు కూర్చోరాదా?" అంటే, "అది కుదుపుకి ఓర్చుకోలేదు నాయనా, నేను ఓర్చుకుంటా," అనేవాడు. భుజం మీద తువ్వాలు పేరుకే ఆయనది. వాన తుంపర పడితే అది పెట్టె మీదికి పోయేది. వేళ్ళతో నొక్కే పెట్టె మెట్లలో ఒకటి విరిగితే ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కే ఇంటికి పోయి అదే కర్రతో కొత్త మెట్టు చేయించుకున్నాడు. మిగిలినవి తెల్లగా, అదొక్కటి గోధుమరంగులో ఉండేది. "పంచముడు పెట్టుడుపన్ను కట్టించుకున్నాడు," అని ఆ మెట్టును చూపించి మురిసిపోయేవాడు.

అన్నిటికంటే వింత ఆయన చప్పట్లు. కొత్త చోట ఎక్కడ అడుగుపెట్టినా ఒక్క చప్పట్టు కొట్టి, నోరు కాస్త తెరిచి, తల ఎడమకు వంచి నిలబడేవాడు, పక్కింట్లోంచి ఎవరో పిలిచినట్టు. నా గదికి వచ్చినరోజు నమస్కారం కన్నా ముందు చప్పట్టే. "ఇరుకైనా మంచి గదే అబ్బయా, కాయితాలు బాగా మింగతా ఉండాయి," అన్నాడు. మూలన చుట్టలు చుట్టి నిలబెట్టిన డ్రాయింగులు శబ్దాన్ని మింగుతున్నాయని ఆయన భావం. నాకు నవ్వొచ్చింది. బయటికి నవ్వలేదు, అంతే.

ప్లాను ముందుపెట్టగానే మొదట అడిగింది, "మెట్లెన్ని?" అని.

నాకు ఎదురుగా పెట్టె కనపడుతోంది కాబట్టి దాన్ని గురించనుకున్నాను. "నాకేం తెలుసు తాతా, నీ పెట్టె నువ్వే లెక్కపెట్టుకోవాల," అన్నాను.

"పెట్టె మెట్లు గాదయ్యా, ఎక్కే మెట్లు!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. "స్టేజీకి మెట్లు. నువ్వు గీసింది మగోళ్ళు ఎక్కేటియ్యి. మా చంద్రమతి మీసాలు గొరిగించుకుని, ఆరుగజాల చీర కట్టుకుని ఎక్కాల. అడుగెత్తు మెట్లు పెట్టినావంటే కాటికి పోకముందే బోర్లా పడతాది."

మెట్లు ఆరంగుళాలకు తగ్గించాను. ఇంకోరోజు గోనెసంచి పట్టుకొచ్చి, అందులోంచి అద్దాలు పొదిగిన రేకు కిరీటం తీసి నా నెత్తిన పెట్టి, "నడువు," అన్నాడు. గది గడప దాటబోతే కిరీటం దర్వాజాకు ఠంగుమని తగిలి వెనక్కి పడింది. వీధిలోవాళ్ళు చూసి నవ్వారు. "దుర్యోధనుడు తలొంచుకుని సభకి వస్తే ఇంకేం మర్యాద ఉంటాది?" అన్నాడు. "తలుపు ఎత్తు మనిషిని బట్టి గాదు, కిరీటాన్ని బట్టి పెట్టాల. వెడల్పు భుజకీర్తుల్ని బట్టి." స్టేజీ పక్క తలుపు ఏడడుగుల నుంచి తొమ్మిదడుగులకు పెంచి, వెడల్పు కూడా ఆయన చేతులు చాచి చూపించినంత పెట్టాను. ఏ పుస్తకంలోనూ లేని కొలత అది.

ఇక గోడ సంగతి. ఒకరోజు ఉదయగిరిలో స్థలం దగ్గర ముగ్గు పోయించి వస్తుంటే, దారిలో కొత్తగా కట్టిన ఎరువుల గోడౌను ఖాళీగా కనపడింది. కాపలావాడిని బతిమాలి తాత నన్ను లోపలికి తీసుకుపోయాడు. నాలుగువైపులా అద్దంలాంటి సిమెంటు పూత, పైన స్లాబు. మధ్యలో నిలబడి గొంతు సవరించుకుని మోహనలో చిన్న రాగం తీశాడు. తీసింది బుల్లి ముక్కే. అది పోయి అవతలి గోడకు తగిలి తిరిగొచ్చి, వెనకాల వస్తున్న దాని మీద పడి, రెండూ కలిసి బురదైపోయాయి. తాత ఆపేశాడు. ఆయన ఆపినా గోడ ఆపలేదు. అది పూర్తయ్యేదాకా చెయ్యెత్తి నిలబడ్డాడు.

"చూసినావా? మనం పాడతా ఉంటే అది ఎదురు మాట్లాడతాది," అన్నాడు. "మా మునిగిపోయిన ఊర్లో నాటకాల కొట్టం ఉండె. రాళ్ళ గోడ, పూత లేదు, రాయికి రాయికి పొంతన లేదు. పైన బోదగడ్డి కప్పు. ఆ గోడకి ఎంత మర్యాదనుకున్నావు, ఇనేది గానీ ఒక్క మాట తిరిగి అనేది గాదు."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. ముసలి వేళ్ళు, కొసలు చదునుగా అరిగిపోయి ఉన్నాయి. "స్లాబు వేసుకోండి. కింద మొజాయిక్ వేసుకోండి. నేనేం అడ్డం చెప్పను. స్టేజీకి ఎదురుగా వచ్చే ఎనక గోడ ఒక్కటి నాకియ్యి. కొండరాయి ముక్కులు తేలేట్టు పేర్చి, పూయకుండా వదిలెయ్యి. ఆ ఒక్కటీ చేస్తే చచ్చేలోపల ఇంకోసారి మా కొట్టంలో కూర్చున్నట్టు ఉంటాది."

సరే తాతా అన్నాను. నిజంగానే గీశాను. ట్రేసింగు కాగితం మీద వెనక గోడంతా ఎగుడుదిగుడు రాళ్ళు ఒక్కొక్కటే ఇంకుతో వేసి చూపిస్తే, వేలితో ఆ రాళ్ళను పైనుంచి కిందికి తడిమి, "అదే," అన్నాడు. 'అదే' అన్నప్పటి ఆయన మొహం ఇప్పుడు కూడా కళ్ళముందు ఉంది. లేకపోతే ఇదంతా రాసే అవసరం ఉండేది కాదేమో.

కమిటీ మీటింగులో కాంట్రాక్టరు ఆ గోడ మీద వేలు పెట్టాడు. "పూత లేని గోడేంది సార్, గొడ్లచావిడి మాదిరి? ఓపెనింగుకి పెద్దోళ్ళు వస్తారు. ఫోటోలో ఎట్టా పడతాది?"

ప్రెసిడెంటు నా వైపు తిరిగి, "ఏమయ్యా, ఇది ఉండాల్సిందేనా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. ఉండాలి సార్, లేకపోతే మోత వస్తుంది అని చెప్తే ఒప్పుకునేవాడే. కానీ ఎదురుగా పదిమంది ఉన్నారు. రాళ్ళగోడ కోసం పట్టుబడితే పల్లెటూరివాడి కింద జమకడతారేమోనని నాకు బెరుకు. మధ్యలో స్తంభం లేని హాలు ఆ పక్కల అదే మొదటిది, దాన్ని నున్నగా మెరిసేట్టు చూసుకోవాలని నాకూ లోలోపల ఉంది. కొండాపురంలో ఇంకో పని ఉందని కాంట్రాక్టరు అంతకుముందే చెవిలో వేసి ఉన్నాడు.

"అక్కర్లేదు సార్. తీసెయ్యొచ్చు," అన్నాను.

ట్రేసింగు కాగితం మీద ఇంకు గీత పోవాలంటే సగం బ్లేడుతో గీకాలి. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రాయి వెంబడి రాయి గీకేశాను. గీకిన చోట కాగితం తెల్లగా మసకబారుతుంది, ప్రింటు తీస్తే ఏమీ కనపడదు. తాతకు చెప్పలేదు. గోడ పూస్తుండగా ఆయనే ఒకరోజు బస్సు దిగి వచ్చి చూసి, "ఏంది అబ్బయా, నున్నగా పూస్తా ఉండారే?" అన్నాడు.

"ఇది అడుగు పూత తాతా. దీని మీద రాళ్ళు అతికిస్తాం."

ఇంత సులభంగా అబద్ధం వస్తుందని నాకప్పటిదాకా తెలియదు. తాత తృప్తిగా తలాడించి, సంచిలోంచి అరటిపండు తీసి ఇచ్చాడు. అక్కడే నిలబడి తిన్నాను.

ప్రారంభోత్సవం పొద్దునపూట. హాలు కిటకిటలాడింది. తాతకు స్టేజీ ముందు చిన్న గుంట, అందులో పెట్టె. అదీ ఆయన చెప్పిన ఏర్పాటే, వాయించేవాడి తల ప్రేక్షకుడికి అడ్డం రాకూడదని. లోపలికి వస్తూనే వెనక గోడను చూశాడు. తెల్లగా, లప్పంతో మెరుస్తోంది. చప్పట్టు కొట్టలేదు. నా కోసం చుట్టూ చూశాడు. నేను అతిథులకు కుర్చీలు సర్దుతున్నట్టు వంగాను.

తెర లేచింది. పక్క తలుపులోంచి దుర్యోధనుడు తల నిటారుగా పెట్టి, భుజకీర్తులు ఎక్కడా రాసుకోకుండా సభలోకి నడిచొచ్చాడు. ముందు వరసలో కూర్చున్న నాటకాల పెద్ద ఒకాయన గుర్తుపట్టి, "తలుపు చూశారా! కిరీటానికి కొలిచి పెట్టినట్టుంది. ఎవరయ్యా ఇంజనీరు?" అన్నాడు. ప్రెసిడెంటు నా భుజం తట్టి ముందుకు తోశాడు. చేతులు జోడించి నవ్వాను. హార్మనీ తాత చెప్పాడండీ అనడానికి మూడు మాటలు చాలు. ఆయన పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. అనలేదు.

తర్వాత పద్యం మొదలైంది. చివర నటుడు రాగం ఎత్తుకున్నాడో లేదో గోడ అందుకుంది. మైకు తోడైంది. ఏ అక్షరం ఎక్కడిదో తెలియకుండా హాలంతా హోరు. వెనక వరసల్లో నవ్వులు, ఈలలు. 'వన్స్ మోర్' అనాల్సిన చోట ఎవడో "వద్దులే, గోడే పాడతాది" అని అరిచాడు. తాత ఏం చేశాడంటే, పెట్టె తిత్తి నెమ్మది చేసి, పాదం పాదానికీ మధ్య కాస్త ఎడం ఇచ్చి, గోడ మాట్లాడటం అయ్యాక నటుడికి శ్రుతి అందించడం మొదలుపెట్టాడు. ఆ నటుడికి కూడా అర్థమైంది. అట్లా ఇద్దరూ కలిసి నాటకాన్ని ఎట్లాగో ఒడ్డుకు చేర్చారు. చొక్కా వీపంతా తడిసిపోయింది, పై గుండీ మాత్రం తీయలేదు.

మేకప్ గదిలోకి ప్రెసిడెంటు నన్ను పిలిపించాడు. కాంట్రాక్టరు, కమిటీవాళ్ళు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ తాత, అందరూ అక్కడే ఉన్నారు.

"ఏందయ్యా ఈ మోత? ఊరందరి కష్టం పోసి కట్టుకున్నాం. ఎవురు చేసిన పని ఇది?"

నోటికి ముందు ఏదొస్తే అదే వచ్చింది. "మీరు అడిగి గీయమన్నారు గదా సార్. తాత చెప్పినట్టే కట్టినాం."

వెంటనే నమ్మారు. ఎందుకు నమ్మరు? ఆ రాళ్ళగోడ ఆయన అడిగిందని నేను మీటింగులో చెప్పనే లేదు. పునాది నుంచి పైకప్పు దాకా ఆయన ఆ స్థలంలో చప్పట్లు కొట్టుకుంటూ తిరగడం అందరూ చూశారు. రాళ్ళగోడ వద్దన్న కాంట్రాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ప్రెసిడెంటు తాత వైపు తిరిగాడు. "నిజమేనా?"

తాత నన్ను చూశాడు. కోపం ఉంటే నేను తట్టుకునేవాడిని. ఆ చూపులో నాకు కనిపించింది ఆశ్చర్యం, అంతే. తర్వాత తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, "అవునయ్యా. నాదే పొరపాటు. చెవులు ముసిలివై పోయినాయి," అన్నాడు.

"పెట్టె వాయించుకునేవోడివి, ఇంజినీరు పనులు నీకెందుకు తాతా?" అన్నాడు ప్రెసిడెంటు విసుగ్గా. అందరూ భోజనాలకు పోయారు. నేనూ పోయాను.

నన్ను కాపాడటానికి ఆయన ఎంచుకున్న ఆ సాకే ఆయనకు చేటు తెచ్చింది. చెవులు పోయాయని హార్మనీ వాయించేవాడే ఒప్పుకున్నాక ఇంక ఎవరు పిలుస్తారు? ఆ వేసవి నుంచే నాటక సమాజాలవాళ్ళు వింజమూరు వైపు నుంచి కుర్రవాణ్ణెవరినో తెచ్చుకున్నారు. తాతకు ఆదివారం చర్చి ఒక్కటే మిగిలింది. నాకు కొండాపురం పని వచ్చింది, ఆ తర్వాత జలదంకిలో ఇంకొకటి. కళాభవనం వెనక గోడకు దుప్పట్లు, గోనెపట్టాలు వేలాడదీసి నాటకాలు ఆడారు కొన్నాళ్ళు.

తర్వాత ఒకే ఒక్కసారి కనపడ్డాడు, ఈ బస్టాండులోనే. చేతిలో పెట్టె లేదు. అది లేకపోతే ఆయన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఉన్నాడు. నేను పక్కకు తప్పుకునేలోగానే చూసి, "బాగుండావా అబ్బయా? పనులు వస్తా ఉండాయా?" అన్నాడు. ఎత్తిపొడుపేమో అని ఆ గొంతులో వెతికాను. లేదు. చేతి గడియారం చూసుకుని, బస్సుకు టైమైంది తాతా అన్నాను. నా బస్సు రావడానికి ఇంకా అరగంట ఉంది. ఆ అరగంటా ఎదురు అంగడి వెనక నిలబడ్డాను. ఎన్నోసార్లు కాలనీ దాకా పోయి చెప్పేద్దామనుకున్నాను. వచ్చే వారం, పంట కోతలయ్యాక, ఈ స్లాబు పడ్డాక, అనుకుంటూ నాలుగేళ్ళు గడిపాను. పిరికివాడికి పనులెప్పుడూ తీరవు.

కరపత్రం చూసినరోజు కావలి పోలేదు. కాలనీకి పోయే బస్సెక్కాను. దారంతా ఏం చెప్పాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. ప్లాను గీసింది, బ్లేడుతో గీకింది, అడుగు పూత అన్నది, మేకప్ గదిలో అన్నది, ఏదీ దాచకూడదని. చచ్చిపోయినవాడికి కాకపోతే ఆయన పిల్లలకైనా చెప్పాలని.

ఇంట్లో ఆయన కూతురు ఉంది. నలభై దాటిన మనిషి, అక్కడి స్కూల్లో టీచరు. నేనెవరో చెప్పగానే ఆమె మొహం మారిపోయింది. కుర్చీ కొంగుతో తుడిచి వేసింది. మంచినీళ్ళు ఇచ్చింది. నేను నోరు తెరిచేలోగా ఆమే మొదలుపెట్టింది.

"మీరు వస్తారనుకోలా సార్. మిమ్మల్ని చూస్తే మాకు తలెత్తుకోబుద్ధి కాదు. మా నాయన తెలిసీ తెలియకుండా చెప్పిన మాట ఇని మీరు కట్టబట్టి గదా మీకంత మాటొచ్చింది. ఎన్నిసార్లు తిట్టినామో ఆయన్ని. ముసిలోడివి, నీకెందుకు నాయనా ఇంజినీరు పనులు, ఆ అబ్బాయి బతుకు పాడు చేసినావు గదా అని. మా అమ్మ పోయేదాకా అంటానే ఉండె. ఒక్క మాట తిరిగి అనలా. తలొంచుకుని కూర్చునేవాడు."

నీళ్ళ గ్లాసు నా చేతిలోనే ఉంది.

"ఆయన లేడు. మీరు పెద్ద మనసు చేసుకుని వచ్చినారు. ఇంక మనసులో పెట్టుకోవద్దు సార్," అని ఆమె రెండు చేతులూ జోడించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

దారంతా అనుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. రాలేదు అనడం కూడా అబద్ధమే, రానివ్వలేదు.

"పర్వాలేదులేమ్మా. పెద్దాయన. కావాలని చేశాడా ఏంది?" అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని, బరువు దిగినట్టు నవ్వింది. కాఫీ పెట్టి ఇచ్చింది. తాగాను. ఆయన ఇంట్లో, ఆయన కూతురి ముందు కూర్చుని, ఆయన్ని క్షమించి వచ్చాను.